ఎస్-బై-ఎస్ స్లాట్‌లో ఎస్‌డీ కార్డు: అడాప్టర్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. సోనీ ఈఎక్స్1, ఈఎక్స్3 లాంటి పాత ఎక్స్‌డీక్యామ్ కెమెరా చేతిలో ఉండి, మామూలు స్పీడులో హెచ్‌డీ షూట్ చేసుకునేవాళ్లకి ఎస్‌డీ కార్డు అడాప్టర్, అంటే కెమెరా ఎస్-బై-ఎస్ స్లాట్‌లో మామూలు ఎస్‌డీ కార్డు పెట్టుకోనిచ్చే తొడుగు, మంచి వస్తువే. నిక్షేపంగా కొనుక్కోవచ్చు. స్లో మోషన్ ఎక్కువ తీసేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, పోయినా పక్కన ఆ కెమెరాల సొంత మెమరీ కార్డయిన అసలైన ఎస్-బై-ఎస్ ఒకటి పెట్టుకోండి. సీఫాస్ట్, సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే వేరే రకం కార్డుల స్లాట్లున్న కొత్త కెమెరాల సంగతి పూర్తిగా వేరు, దానికీ వస్తాను.

అడాప్టర్ల మీద జనం రాసే రివ్యూలు చదివితే నాకు చిరాకేస్తుంది. ఒకాయన "బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని ఐదు స్టార్లు ఇస్తాడు, ఆ కిందే ఇంకొకాయన "కార్డు ఎర్రర్, డబ్బులు దండగ" అని ఒక్క స్టార్ ఇస్తాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఒకాయన ఇంటర్వ్యూలు తీసుంటాడు, ఇంకొకాయన సెకనుకి అరవై ఫ్రేములు పెట్టి నీళ్లు చిమ్మే షాట్ తీసుంటాడు. ఏ కెమెరా, ఏ రికార్డింగ్ మోడ్, లోపల ఏ కార్డు, ఈ మూడూ చెప్పకుండా అడాప్టర్ బాగుందనో బాగోలేదనో అంటే ఆ మాట మనకి ఎందుకూ పనికిరాదు.

అసలు ఆ స్లాట్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఎస్-బై-ఎస్ కార్డుని సోనీ, శాన్‌డిస్క్ కలిసి తయారుచేశాయి, 2007లో వచ్చిన ఈఎక్స్1తో అది మన చేతుల్లోకొచ్చింది. చూడటానికి ప్రత్యేకంగా కనిపిస్తుంది కానీ ఆకారం మాత్రం అప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎక్స్‌ప్రెస్‌కార్డ్/34దే: 34 మిల్లీమీటర్ల వెడల్పు, 75 పొడవు, 5 మందం. ఈ ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్‌లోకి రెండు దారులుంటాయి. ఒకటి పీసీఐ ఎక్స్‌ప్రెస్, రెండోది యూఎస్‌బీ 2.0. ఎస్-బై-ఎస్ కార్డు మొదటి దారిలో పోతుంది, సెకనుకి 800 మెగాబిట్ల దాకా లాగుతుంది. మనం కొనే ఎస్‌డీ అడాప్టర్లు దాదాపుగా అన్నీ రెండో దారి పట్టుకునేవే. అంటే అడాప్టర్ లోపల ఉన్నది ఒక చిన్న యూఎస్‌బీ కార్డు రీడర్. కెమెరా దానితో యూఎస్‌బీ భాషలో మాట్లాడుతుంది, ఆ రీడర్ చిప్ తిరిగి ఎస్‌డీ కార్డుతో మాట్లాడుతుంది. యూఎస్‌బీ 2.0కి కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది అందులో సగం ఉంటే గొప్ప, అడాప్టర్‌లో నాసిరకం చిప్ వేస్తే అదీ ఉండదు.

అయినా ఇది ఎందుకు పనిచేస్తుందంటే, ఈఎక్స్1లో ఎక్కువ క్వాలిటీ ఇచ్చే హెచ్‌క్యూ మోడ్‌లో రికార్డయ్యేది సెకనుకి గరిష్ఠంగా 35 మెగాబిట్లే. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి నాలుగున్నర మెగాబైట్లు కూడా లేదు. క్లాస్ 10 కార్డు కనీసం పది మెగాబైట్లు రాస్తానని హామీ ఇస్తుంది, క్లాస్ 6 ఆరు ఇస్తుంది. లెక్కలో చూస్తే బోలెడంత ఖాళీ ఉంది. పదహారు గిగాబైట్ల కార్డులో హెచ్‌క్యూలో దాదాపు యాభై నిమిషాలు పడుతుంది, ముప్ఫైరెండులో వంద నిమిషాలు. ఎస్-బై-ఎస్ కార్డులో ఎంత పడుతుందో ఇందులోనూ అంతే, ఎందుకంటే కెమెరా రాసే ఫైలు అదే. పిక్చర్ క్వాలిటీ తగ్గుతుందేమో అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. తగ్గదండీ. కార్డుకి పిక్చర్‌తో సంబంధం లేదు, అంకెలు రాసిపెట్టడమే దాని పని. రాస్తే మొత్తం రాస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. మధ్యరకంగా "కొంచెం మసక" అనేది లేదు.

వాడకంలో నాకు మొదట తేడా తెలిసింది స్పీడులో కాదు, సైజులో. ల్యాప్‌టాప్ కోసం చేసిన మామూలు ఎక్స్‌ప్రెస్‌కార్డ్ రీడర్లు కెమెరాలో పెడితే కార్డు కొన బయటికి పొడుచుకొస్తుంది, స్లాట్ తలుపు మూసుకోదు. తలుపు తెరిచి షూట్ చేయొచ్చా అంటే చేయొచ్చు, కెమెరా ఏమీ అనదు. కానీ భుజం మీద పెట్టుకుని జనంలో తిరుగుతున్నప్పుడు ఎవరి మోచెయ్యో ఆ కొనకి తగిలిందంటే ఎస్‌డీ కార్డు స్ప్రింగు నొక్కుకుని టక్కున బయటికొచ్చేస్తుంది. రికార్డింగ్ మధ్యలో కార్డు ఊడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే కెమెరా కోసమే చేసినవి చూసుకోండి. ఈ-ఫిల్మ్స్ వాళ్ల ఎంఎక్స్ఆర్ ఆ కోవలోదే. ఎస్‌డీ కార్డు పూర్తిగా లోపలికి పోతుంది, తలుపు చక్కగా మూసుకుంటుంది. తర్వాత్తర్వాత సోనీయే సొంతంగా మెమరీ స్టిక్‌కి ఒకటి, ఎస్‌డీకి ఎంఈఏడీ-ఎస్‌డీ01 అని ఒకటి తెచ్చింది. మొదట్లో ఎస్-బై-ఎస్ తప్ప ఇంకోటి వాడొద్దన్న కంపెనీయే అడాప్టర్ అమ్మిందంటే వాడేవాళ్ల ఒత్తిడి ఏ స్థాయిలో ఉండిందో చూడండి. పాత కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్నట్టయితే ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తదేనా అని ముందు చూసుకోవాలి, అడాప్టర్‌ని తిట్టడం ఆ తర్వాత.

పేరూ ఊరూ లేని చవక అడాప్టర్లూ వాడి చూశాను. వాటిలో కొన్ని ఏ ఇబ్బందీ పెట్టలేదు, అది ఒప్పుకోవాలి. ఒకదాని పెంకు మాత్రం మిల్లీమీటరులో ఎంతో ఎక్కువ మందం ఉండి స్లాట్‌లో ఇరుక్కుంది, ఎజెక్ట్ బటన్ నొక్కితే రాదు, పట్టుకారుతో లాగాల్సొచ్చింది. స్లాట్ లోపలి పిన్నులు వంగితే ఆ రిపేరుతో పోలిస్తే అడాప్టర్ మీద మిగిల్చుకున్నది లెక్కలోకే రాదు. కాబట్టి కొత్త అడాప్టర్ వచ్చిన రోజున షూట్‌కి తీసుకెళ్లకండి. ఇంట్లో తీరుబడిగా రెండు స్లాట్లలోనూ పెట్టి తీసి చూడండి, గట్టిగా తోయాల్సి వస్తోందంటే వెనక్కి పంపేయండి.

ఇక అసలు గొడవ స్లో మోషన్. ఈఎక్స్1లో 720పీ పెట్టుకుంటే ఎస్ అండ్ క్యూ (స్లో అండ్ క్విక్ మోషన్) మోడ్‌లో సెకనుకి అరవై ఫ్రేముల దాకా తీయొచ్చు. ఇరవైనాలుగు ఫ్రేముల ప్రాజెక్టులో అరవై ఫ్రేములు తీస్తున్నామంటే అదే సెకనులో రెండున్నర రెట్ల డేటా పోయాలి. 35 మెగాబిట్లు కాస్తా 87 చిల్లర, అంటే సెకనుకి పదకొండు మెగాబైట్లు. అంతేనా, మంచి ఎస్‌డీ కార్డు ముప్ఫై రాస్తుంది కదా అనిపిస్తుంది. రాస్తుంది, సగటున. కానీ ఫ్లాష్ కార్డు ఒకే వేగంతో రాయదు. మధ్యమధ్యలో లోపల పాత బ్లాకుల్ని చెరిపి సర్దుకోవడానికి క్షణంలో కొంత భాగం ఆగుతుంది, పైగా కెమెరా అప్పుడప్పుడూ ఫైల్ టేబుల్ (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక) దగ్గరికి వెళ్లి చిన్న చిన్న వివరాలు రాసొస్తుంది, ఆ చిన్న రాతలకి ఎస్‌డీ కార్డులు బాగా తడబడతాయి. దానికితోడు మధ్యలో యూఎస్‌బీ రీడర్ ఆలస్యం. మామూలు రికార్డింగ్‌లో కెమెరా బఫర్ (తాత్కాలిక మెమరీ) ఈ ఆగడాలన్నిటినీ కడుపులో దాచుకుంటుంది. రెండున్నర రెట్లు వచ్చేసరికి బఫర్ నిండిపోతుంది, రికార్డింగ్ ఆగిపోతుంది, స్క్రీన్ మీద మీడియా ఎర్రర్. చవక అడాప్టర్లతో నాకు ముప్ఫై, ముప్ఫైరెండు ఫ్రేముల దాకా బండి నడిచింది, నలభై దాటితే దేవుడి మీద భారం. ఒక షాట్ వచ్చి, ఇంకో షాట్ రాకపోతే అది రానట్టే లెక్క.

ఇక్కడ చాలామంది టెస్ట్ చేసే తీరు గురించి ఒక మాట చెప్పాలి. కొత్త అడాప్టర్ రాగానే లెన్స్ క్యాప్ పెట్టేసి, కెమెరా బల్ల మీద పెట్టి, గంటసేపు రికార్డింగ్ వదిలేసి "పాస్" అంటారు. ఈఎక్స్ హెచ్‌క్యూ మోడ్ వేరియబుల్ బిట్‌రేట్, అంటే సీన్‌ని బట్టి డేటా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నల్లటి ఫ్రేములో దాచడానికేమీ ఉండదు కాబట్టి ఆ ఎన్‌కోడర్ 35 దరిదాపుల్లోకి కూడా పోదు. అంటే మీరు అడాప్టర్‌ని పరీక్షించలేదు, ఖాళీ బస్సుని ఎత్తు ఎక్కించి ఇంజిన్ భేష్ అన్నారు. గాలికి ఊగే చెట్టు ఆకుల మీదో, పారే నీళ్ల మీదో ఫోకస్ పెట్టి, గెయిన్ కొంచెం పెంచి గ్రెయిన్ కూడా వచ్చేలా చేసి, కార్డు పూర్తిగా నిండేదాకా తీయండి. తర్వాత ఫార్మాట్ చేసి, ఈసారి నాలుగైదు సెకన్ల చిన్న క్లిప్పులు వరసపెట్టి తీయండి, ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్. పొడవాటి క్లిప్పుకి నిలబడిన అడాప్టర్లు ఈ చిన్న క్లిప్పుల దగ్గర తెల్లమొహం వేయడం చూశాను. ఆ తర్వాత కెమెరాలోనే ప్లే చేసి చూడాలి, కంప్యూటర్‌లోకి కాపీ చేసి అక్కడా చూడాలి. ఎస్‌పీ అనే తక్కువ డేటా మోడ్ వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ, అది స్థిరంగా 25 మెగాబిట్లు.

కార్డు పెట్టగానే "మీడియా రిస్టోర్ చేయాలా" అని కెమెరా అడగడం అడాప్టర్ వాడేవాళ్లకి పరిచయమైన సంగతే. రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ పోయినా, కార్డు సరిగ్గా మూసుకోకముందే ఊడినా అడుగుతుంది. కంగారు పడి కార్డు లాగేయకండి, రిస్టోర్ చేయనివ్వండి, చాలాసార్లు క్లిప్ దక్కుతుంది. ఏ కారణమూ లేకుండా పదే పదే అడుగుతోందంటే మాత్రం ఆ అడాప్టర్, ఆ కార్డు జంట కుదరలేదన్నమాట. కార్డు మార్చి చూడండి, అప్పటికీ అడిగితే అడాప్టర్‌ని పక్కన పడేయండి.

నా అనుభవంలో అడాప్టర్ తప్పుకంటే కార్డు తప్పులే ఎక్కువ. నకిలీ కార్డుల బెడద సంగతి తెలిసిందే, ముప్ఫైరెండు అని రాసి లోపల ఎనిమిదో పదహారో ఉంటుంది, నిండేదాకా తెలియదు. అందుకే పైన చెప్పిన కార్డు నింపే టెస్ట్ నకిలీని పట్టడానికి కూడా పనికొస్తుంది. కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే 95, 170, 300 లాంటి అంకెలు చూసి మోసపోవద్దు, అవి చదివే వేగం, అదీ అనుకూల పరిస్థితిలో. మనకి కావాల్సింది కనీస రాత వేగం. క్లాస్ 10 అంటే పది, వీ30 అంటే ముప్ఫై, వీ60, వీ90 కూడా అలాగే. ఈ పాత కెమెరాల కోసం వీ90 కొనడం మాత్రం శుద్ధ దండగ, అడాప్టర్‌లోని రీడర్ యూఎస్‌బీ 2.0 దాటదు, యూహెచ్ఎస్-2 అనే వేగవంతమైన రకం ఎస్‌డీ కార్డుకున్న రెండో వరస పిన్నులు అక్కడ దేనికీ తగలవు. ముప్ఫైరెండు గిగాబైట్ల లోపు మంచి ఎస్‌డీహెచ్‌సీ కార్డు చాలు, అది కూడా కెమెరాలోనే ఫార్మాట్ చేసుకోండి.

మైక్రో ఎస్‌డీని ఎస్‌డీ తొడుగులో పెట్టి, ఆ తొడుగుని ఈ అడాప్టర్‌లో పెట్టి, దాన్ని కెమెరాలో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వద్దండీ. ఆ ప్లాస్టిక్ తొడుగులో చిప్ ఏమీ ఉండదు, ఉత్త తీగలే, కాబట్టి సిద్ధాంతప్రకారం తప్పేం లేదు. కానీ ఒక్కో జాయింటూ ఊడటానికి ఒక్కో అవకాశం. ఆ లాక్ మీట ఉంది చూశారూ, అది కార్డుకి ఏమీ చెప్పదు, మీట ఎక్కడుందో స్లాట్‌లోని చిన్న స్విచ్చు తడిమి చూస్తుంది, అంతే. వాడగా వాడగా ఆ మీట వదులైపోయి, లోపలికి తోసేటప్పుడు దానంతటదే లాక్ వైపు జరిగిపోతుంది, కెమెరా రైట్ ప్రొటెక్ట్ అంటుంది, మనం బుర్ర గోక్కుంటాం. మామూలు ఎస్‌డీ కార్డులోనూ ఇది జరుగుతుంది, తొడుగుల్లో మరీ ఎక్కువ.

వాడే పద్ధతి గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. యాక్సెస్ లైటు నారింజ రంగులో ఉన్నంతసేపూ ముట్టుకోవద్దు. కార్డు మార్చాలంటే అడాప్టర్‌ని మొత్తం బయటికి తీసి మార్చండి, అడాప్టర్‌ని లోపల ఉంచి ఎస్‌డీ ఒక్కటీ గోటితో లాగడం మంచి అలవాటు కాదు. కాపీ చేసేటప్పుడు కెమెరా కార్డులో తయారుచేసే బీపీఏవీ ఫోల్డర్ మొత్తం ఎత్తి పెట్టుకోవాలి, అందులోంచి ఎంపీ4 ఫైళ్లు మాత్రం ఏరుకోకూడదు. ఈ కార్డులు ఎఫ్ఏటీ32 అనే ఫార్మాట్‌లో ఉంటాయి కాబట్టి నాలుగు గిగాబైట్లు దాటిన షాట్ ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని కలిపే వివరాలు పక్కన ఉన్న చిన్న చిన్న ఫైళ్లలోనే ఉంటాయి. ఇది ఎస్-బై-ఎస్ కార్డుకీ వర్తించేదే కానీ, ఎస్‌డీ కార్డు ఏ ల్యాప్‌టాప్‌లోనైనా దూరిపోతుంది కాబట్టి తొందరపడి ఫైళ్లు లాగేసుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువ.

నిజానికి నాకు అడాప్టర్‌తో దొరికిన అసలు సుఖం ఈ కాపీ దగ్గరే. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాటున్న ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు దొరకవు, ఎస్-బై-ఎస్ రీడర్ పక్కన లేకపోతే కెమెరానే యూఎస్‌బీ తీగతో కలిపి కూర్చోవాలి. ఎస్‌డీ కార్డు అయితే షూట్ అవగానే తీసి ఎడిటర్ చేతిలో పెట్టేసి వెళ్లిపోవచ్చు. కాపీ కూడా చేయకుండా కార్డుని అలాగే బీరువాలో దాచేవాళ్లున్నారు. ఫ్లాష్ కార్డుని ఏళ్లతరబడి దాచడానికి నేను నమ్మను, హార్డ్ డిస్కులో రెండు కాపీలు ఉండాల్సిందే.

పీఎండబ్ల్యూ-200 లాంటి తర్వాతి కెమెరా ఉన్నవాళ్లు ఎస్‌డీ గోల వదిలేసి సోనీ క్యూడీఏ-ఈఎక్స్1 చూడండి. ఎక్స్‌క్యూడీ అనే మరో రకం మెమరీ కార్డుని ఎస్-బై-ఎస్ స్లాట్‌లో పెట్టే అడాప్టర్ అది. ఎక్స్‌క్యూడీ కూడా పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదే నడిచే కార్డు కావడంతో మధ్యలో యూఎస్‌బీ అనువాదకుడి అవసరం ఉండదు. దారి అదే, ఆకారమే వేరు. అందుకే దీన్నీ చవక ఎస్‌డీ అడాప్టర్‌నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఎక్స్‌క్యూడీ కార్డులు ఇప్పుడు అరుదైపోతున్నాయన్నదొక్కటే దీనికున్న లోపం.

ఇదే కొలత కొత్త కెమెరాలకీ పనిచేస్తుంది. అడాప్టర్ రెండు వైపులా ఒకే రకం దారి ఉందా, మధ్యలో మార్పిడి జరుగుతోందా అన్నది మొదటి ప్రశ్న. సీఫాస్ట్ 2.0 చూడండి. ఉర్సా మినీ, క్యానన్ సీ300 మార్క్ 2, యారీ అలెక్సా మినీ అందరూ వాడిన కార్డు. దాని లోపల ఉన్నది సాటా (కంప్యూటర్ డిస్కులు వాడే దారి), సెకనుకి 600 మెగాబైట్ల దాకా. రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీ కూడా సాటానే. కాబట్టి సీఫాస్ట్ స్లాట్‌లో ఒక పలక పెట్టి, తీగతో ఎస్ఎస్‌డీ తగిలించే అడాప్టర్లలో భాష మార్చే చిప్ అక్కర్లేదు, డేటా నేరుగా పోతుంది. వీటితో వచ్చే చిక్కంతా కరెంటుది. సీఫాస్ట్ స్లాట్ ఇచ్చేది 3.3 వోల్టులు, రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీ అడిగేది 5 వోల్టులు. కెమెరా బ్యాటరీకుండే డీ-ట్యాప్ సాకెట్ నుంచి విడిగా పవర్ తీసుకునేవి కొంచెం తీగల గోల పెట్టినా నమ్మకంగా ఉంటాయి. స్లాట్‌లోంచే 3.3ని 5కి పెంచి లాగేవి చూడటానికి శుభ్రంగా ఉంటాయి కానీ, ఎస్ఎస్‌డీ రాత జోరందుకున్న క్షణంలో పవర్ చాలక డ్రైవ్ మాయమైపోయే అవకాశం వీటిలో ఎక్కువ. నేనైతే తీగల గోలే భరిస్తాను. ఇంకొకటి, ఆ ఎస్ఎస్‌డీని కెమెరా చుట్టూ ఉండే కేజ్‌కి గట్టిగా బిగించండి, స్లాట్‌లోంచి బయటికొచ్చే ఆ పల్చటి తీగ మీద బరువు పడకూడదు.

సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బీ పెంకులో ఎం.2 2230 ఎన్‌వీఎంఈ డ్రైవ్ (చిన్న సైజు ఎస్ఎస్‌డీ) పెట్టుకునే అడాప్టర్లు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. దారి అదే పీసీఐ ఎక్స్‌ప్రెస్, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవున్న డ్రైవ్ ఆ పెంకులో సరిగ్గా పడుతుంది. ‘టైప్-ఏ’ కార్డు వెడల్పే 20 మిల్లీమీటర్లు కాబట్టి అందులో 2230 దూరదు, ఎవరైనా దూరుతుందని అమ్మితే నమ్మకండి. టైప్ బీలో అడాప్టర్ ఎప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు, లోపల పెట్టిన డ్రైవే పెట్టింది. మామూలు డ్రైవులు మొదట కొంత భాగాన్ని వేగవంతమైన క్యాష్‌గా వాడతాయి, అది నిండాక అసలు వేగం బయటపడుతుంది. క్యానన్ సీ500 మార్క్ 2లో 5.9కే రా లైట్ ఫార్మాట్‌లో రికార్డింగ్ అంటే సెకనుకి 2.1 గిగాబిట్లు, దాదాపు 260 మెగాబైట్లు. క్యాష్ అరవై గిగాబైట్లు ఉందనుకోండి, నాలుగు నిమిషాల్లో నిండుతుంది. రెండు నిమిషాల టెస్ట్‌లో ఏ డ్రైవైనా హీరోనే. ఐదో నిమిషంలో క్యూఎల్‌సీ (చవక రకం ఫ్లాష్) డ్రైవ్ వేగం 260 కంటే కిందికి జారితే రికార్డింగ్ ఆగిపోతుంది, సరిగ్గా వేదిక మీద పాట అందుకున్నప్పుడు. పైగా ర్యామ్ లేని డ్రైవులు కంప్యూటర్ ర్యామ్‌ని అప్పు తీసుకుని బతుకుతాయి, కెమెరా అలా అప్పిస్తుందని లెక్కేసుకోకండి. వేడి సంగతి సరేసరి, ఆ చిన్న పెంకులో గాలి ఆడే చోటే లేదు. కాబట్టి క్యూఎల్‌సీ కంటే వేగంగా రాసే టీఎల్‌సీ డ్రైవ్, అంచుల దాకా థర్మల్ ప్యాడ్ ఆనే లోహపు పెంకు, కార్డు నిండేదాకా ఏకధాటి టెస్ట్. ఇవి లేకుండా నేను దీన్ని డబ్బులు తీసుకుని చేసే షూట్‌లో వాడను.

ప్యానసోనిక్ పీ2 కార్డు కెమెరాలున్నవాళ్లు చాలాసార్లు అడుగుతారు, మాకేదైనా చవక అడాప్టర్ లేదా అని. పీ2 కార్డు 2004 నాటిది, దాని లోపల ఉన్నవి నాలుగు ఎస్‌డీ కార్డులే, పక్కపక్కన పెట్టి ఒకేసారి రాసేలా కట్టారు. అందుకే ఒక్క ఎస్‌డీ కార్డుని ఏదో పీసీ కార్డు తొడుగులో పెట్టి తోస్తే కెమెరా దాన్ని పీ2గా గుర్తించదు. ల్యాప్‌టాప్ కోసం అమ్మే సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డు తొడుగులదీ అదే గతి. ఉన్న దారల్లా ప్యానసోనిక్ సొంత మైక్రోపీ2 కార్డు, దానికి ఏజే-పీ2ఏడీ1 అడాప్టర్, కెమెరాలో దానికి తగిన ఫర్మ్‌వేర్. ఏవీసీ-ఇంట్రా 100 అనే ఎక్కువ క్వాలిటీ ఫార్మాట్ కూడా దాని మీద నడుస్తుంది కాబట్టి ఇది నిజంగా పనికొచ్చే వస్తువే, చవక మాత్రం కాదు.

సీఎఫ్ స్లాట్లున్న క్యానన్ ఎక్స్ఎఫ్300 వాళ్లు ఎస్‌డీని సీఎఫ్‌గా మార్చే అడాప్టర్ కొనే ముందు మందం చూసుకోండి. ఆ అడాప్టర్లలో చాలా పాతవి 5 మిల్లీమీటర్ల టైప్ 2వి, టైప్ 1 స్లాట్‌లో పట్టేది 3.3 మిల్లీమీటర్లే. ఆ కెమెరా రాసే యాభై మెగాబిట్లంటే సెకనుకి ఆరు మెగాబైట్ల పైచిలుకే, అందుకు సరిపోవచ్చు కూడా. కానీ సీఎఫ్ కార్డులు ఇంకా దొరుకుతుండగా ఆ మార్పిడి చిప్‌ని మధ్యలో ఎందుకు పెట్టుకోవాలో నాకు అర్థం కాదు.

మళ్లీ ఎస్‌డీ దగ్గరికొస్తే, నా కెమెరా బ్యాగులో ఇప్పుడున్న అమరిక ఇది: ‘ఏ’ స్లాట్‌లో ఎస్-బై-ఎస్ కార్డు, ‘బీ’ స్లాట్‌లో అడాప్టర్‌తో ఎస్‌డీ. కార్యక్రమం మొదలు, స్లో మోషన్ షాట్లు, తిరిగి తీయలేనివి అన్నీ ‘ఏ’ స్లాట్‌లో. అది నిండాక కెమెరా దానంతటదే బీ స్లాట్‌లోకి మారుతుంది, అప్పటికి మిగిలేవి ప్రసంగాలు, ఇంటర్వ్యూలు. వాటికి 35 మెగాబిట్లు చాలు, అడాప్టర్ ఎప్పుడూ మొరాయించలేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఎస్ అండ్ క్యూ ఆన్‌లో ఉంచి మర్చిపోతే, బీ స్లాట్‌కి మారాక అదే మోడ్‌లో రికార్డ్ నొక్కి ఎర్రర్ తెచ్చుకుంటారు. స్లాట్ మార్చినప్పుడల్లా వ్యూఫైండర్‌లో ఫ్రేమ్ రేట్ అంకె వైపు ఒకసారి చూసి నొక్కండి.